ఎడమకు తిరిగిన మెలిక

"బొమ్మలు గీసింది చాలు గానీ, ఆ చేయి కడుక్కోనొచ్చి పూర్ణం రుబ్బు. పెద్దపెద్దోళ్ళు వస్తాండారంట. ఓళిగలు గట్టిగా వచ్చినాయంటే నా కొడుకు పరువే పోయేది" అనింది జయమ్మ, వంటింటి గడప దగ్గర కూర్చొని కొత్తిమీర తుంచుతా.

అత్త మాటకు చౌడేశ్వరి కుంచె పక్కన పెట్టి లేచింది. వేళ్ళకు అంటిన ఎర్ర రంగును సబ్బుతో రుద్దింది, పీచుతో రుద్దింది, చివరికి నిమ్మచెక్కతో కూడా రుద్దింది. పోలేదు. పోకపోతే మాన్లే, వడ్డించేటప్పుడు చూసినోళ్ళు కుంకుమ అనుకుంటారు అని రోలు ముందు కూర్చుంది. హాల్లో గోడకు ఆనించి చార్టు ఆరబెట్టి ఉంది. మనిషెత్తు తెల్ల అట్ట, దాని మీద ఎర్రటి మెలికలు, పచ్చటి పట్టీలు, కింద మూలన నల్ల ఇంకుతో గుండ్రటి అక్షరాల్లో 'ఎం. గంగాధర్, లెక్చరర్' అని. ఆ అక్షరాలు రాసింది కూడా ఆమే.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. హిందూపురంలో గంగాధర్ పనిచేసే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆరోజు సెమినారు. దానికి మైసూరు నుంచి ఒక ప్రొఫెసర్ వస్తున్నాడు. గంగాధర్ పీహెచ్‌డీ థీసిస్ ఆయన చేతికే దిద్దడానికి పోయింది. ఆయన సరే అన్నాడంటే గంగాధర్ పేరు ముందు డాక్టరు అని చేరుతుంది, కాలేజీలో కుర్చీ పెద్దదవుతుంది, జయమ్మ వీధిలో నడిచే నడకే మారిపోతుంది. చౌడేశ్వరికి ఏమొస్తుందని నన్నడగొద్దండి. ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, నిజం చెప్పాలంటే ఆమె కూడా అడగలేదు.

గంగాధర్ పరిశోధన ఏమిటో చెప్తాను, భయపడకండి, పెద్ద కష్టమేం కాదు. మన ఒంట్లో గానీ పట్టుపురుగు ఒంట్లో గానీ ప్రోటీన్ అంటే పొడుగాటి గొలుసు. గొలుసులో ఒక్కో పూసకు ఒక్కో అక్షరం గుర్తు. ఆ గొలుసు తిన్నగా ఉండదు. కొంత దూరం జడకుచ్చు లాగా మెలి తిరుగుతుంది, దాన్ని హెలిక్స్ అంటారు. కొంత దూరం మడతలు మడతలుగా పక్కపక్కన పరుచుకుంటుంది, అది షీట్. మధ్యమధ్య మలుపు తిరుగుతుంది. అక్షరాల వరస ఇచ్చేస్తే ఏ భాగం మెలి తిరుగుతుందో, ఏ భాగం పరుచుకుంటుందో ముందుగా చెప్పగలమా అన్నదే పని. పట్టుపురుగు ప్రోటీన్ ఒకదాని వరస పరదేశం వాళ్ళు ఎప్పుడో కనుక్కొని అచ్చేసినారు. ఒక్కో అక్షరానికి మెలి తిరిగే గుణమెంత, పరుచుకునే గుణమెంత అని పట్టికలుంటాయి. అవి చూస్తా, అక్షరం అక్షరానికి లెక్క కడతా పోవాల. పెద్ద ఊర్లలో కంప్యూటర్లు చేసే పని అది. హిందూపురం కాలేజీలో కూడా కంప్యూటరు ఉండేది. ప్రిన్సిపాల్ గదిలో పూలగుడ్డ కప్పుకొని ఉండేది.

కాబట్టి ఆ పని చౌడేశ్వరి చేసింది.

ముందు "కొంచెం చూసిపెట్టు" అనే మొదలైంది. ఆమె చదివింది ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, ఫస్టు క్లాసు. ఆయనది జువాలజీ. "ఈ పట్టికలు చూస్తే నాకు తల తిరుగుతుందే. నీకు ఓపిక ఎక్కువ. నాకు ఐడియాలు ఎక్కువ" అన్నాడు గంగాధర్, ఏదో పెద్ద వరం ఇచ్చినట్టు. ఆమె ముచ్చటపడింది కూడా. పెళ్ళయినాక పుస్తకం తెరవమని ఆయన అడిగింది అదే మొదటిసారి. ఆమె పొద్దున పాసింజర్ ఎక్కి పెనుకొండకు పోయి అక్కడ ట్యుటోరియల్ కాలేజీలో పాఠం చెప్పేది. పోతా వస్తా ఆ రైల్లో ఒళ్ళో కాగితాలు పెట్టుకొని ఎర్ర పెన్సిలుతో హెలిక్స్, పచ్చ పెన్సిలుతో షీట్ గుర్తు పెట్టేది. ఇంట్లో సంగటి కెలకడానికీ పప్పు ఎనపడానికీ మధ్య ఇంకొంచెం. "కూర్చోని చేసే పనే కదా, దానికేం ఆయాసం" అనేది జయమ్మ. ఆ అత్త చెడ్డ మనిషేం కాదు. చదువుకున్న కోడలు కొడుక్కి చేదోడుగా ఉందని చుట్టాలకు చెప్పుకొని మురిసేది. చేదోడు అంటే ఏ చేయి, ఎంత తోడు అన్నదే ఎవరూ తేల్చలేదు.

పెనుకొండలో అమ్మాయిలకు మటుకు ఆమె దర్జాగా చెప్పేది. చిలమత్తూరు పక్క నుంచి వచ్చి హాస్టల్లో ఉండే గొర్రెలకాపరుల బిడ్డలు ఉండేవాళ్ళు. "మీ ఇంటి కంబళి పోగు లాగండి, సాగుతుంది. గొర్రె బొచ్చులో ప్రోటీన్ మెలి తిరిగి ఉండాది కాబట్టి. మా ధర్మవరం పట్టుపోగు లాగండి, సాగదు. అది ముందే బారుగా పరుచుకొని ఉండాది" అనేది. బొచ్చు అనగానే పిల్లలు కిసకిసా నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. ఆ గదిలో ఆమెను ఎవరూ ఏమే అని పిలిచేవాళ్ళు కాదు.

సరే, సెమినారు. మధ్యాహ్నం భోజనాల బాధ్యత గంగాధర్ తన నెత్తిన వేసుకున్నాడు. అంటే ఆమె నెత్తిన పడింది. చిత్రాన్నం, ఓళిగలు, పెరుగన్నం, ఊరిబిండి పచ్చడి అన్నీ ఆటోలో వేసుకొని ఆమె కాలేజీకి పోయేసరికి ఉపన్యాసాలు అయిపోయి అందరూ హాలు చుట్టూ తగిలించిన చార్టులు చూస్తున్నారు. ఆమె వెనక బల్ల మీద గిన్నెలు సర్దుతా ఓరకంట తన చార్టు వైపు చూసింది. ప్రొఫెసర్ దాని ముందరే నిలబడినాడు. తెల్లజుట్టు, మెడలో వేలాడే కళ్ళజోడు, చేతులు వెనక కట్టుకున్న మనిషి. చాలాసేపు కదల్లేదు. అంతసేపు తన పనిని ఎవరైనా చూడటం ఆమె ఎరగదు. సంతోషంగా ఉంది, ఆ సంతోషం ఎవరికన్నా కనబడుతుందేమోనని భయంగా కూడా ఉంది.

"ఏమప్పా గంగాధర్, మీ పట్టుపురుగు అద్దంలో చూసుకుంటాందా ఏమి?" అన్నాడు ప్రొఫెసర్. తెలుగే, కన్నడం యాసతో. "హెలిక్సులన్నీ ఎడమకు తిరిగి ఉండాయి కదయ్యా! ఒక్కటన్నా కుడికి లేదు. ఫస్టియర్ పిల్లోడు కూడా ఈ తప్పు చేయడే!"

హాలంతా గొల్లుమనింది.

చౌడేశ్వరి చార్టు వైపు చూసింది. చూడగానే తెలిసిపోయింది. ప్రోటీన్ మెలిక మామూలు స్క్రూ తిరిగినట్టు కుడిచేతి వైపు తిరుగుతుంది. పుస్తకంలో మొదటి పేజీలో ఉండే సంగతి, పెనుకొండలో ఏటా బోర్డు మీద రాసే సంగతి. ఆమె గీసిన మెలికలు ఒక్కటి తప్పకుండా ఎదురు తిరిగి ఉన్నాయి. ఎట్లా జరిగిందో కూడా ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది. వాళ్ళ నాయన వెంకటరాముడు ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. వాళ్ళ మగ్గం మీద చీర బోర్లా పడుకొని ఉంటుంది, నేసే మనిషికి వెనకపక్కే కనబడుతుంది. అందుకని చీర మీద తీగ కుడికి వాలాలంటే గ్రాఫు కాగితం మీద ఎడమకు గీయాల. చిన్నప్పటి నుంచి నాయన పక్కన కూర్చొని ఆమె గీసింది అట్లాంటి తీగలే, అట్లాంటి మామిడిపిందెలే. నాలుగు దినాలుగా వంటకూ చార్టుకూ మధ్య తిరిగి తిరిగి అలిసిన చెయ్యి, పుస్తకంలో బొమ్మ చూస్తానే తనకు అలవాటైన పక్కకు తిప్పేసింది. ఆమె కంటికి అదే సరిగ్గా ఉన్నట్టు కనబడింది. ఎంత సిగ్గుచేటు! తల మీద ఎవరో చెంబెడు వేడినీళ్ళు పోసినట్టయింది.

గంగాధర్ ముఖం మాడిపోయింది. చుట్టూ చూసినాడు. వెనక బల్ల దగ్గర భార్య కనబడింది. బతికిపోయినాడు.

"అది... మా మిసెస్ గీసింది సార్. బొమ్మ వరకే. ఆమెకు సబ్జెక్టు ఏం తెలుసు, ఇంట్లో ఊరికే ఉంటుంది కదాని ఇచ్చినా. చూసుకోకపోవడం నా పొరపాటే" అన్నాడు.

హాలంతా వెనక్కి తిరిగింది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో చిత్రాన్నం గిన్నె మూత పట్టుకొని చౌడేశ్వరి నిలబడి ఉంది. వేళ్ళకు ఎర్రరంగు. ప్రొఫెసర్ కొంచెం నొచ్చుకున్నట్టు, "అయ్యో, ఏమనుకోవద్దమ్మా. మీకు తెలీదు కదా" అన్నాడు.

అప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన మాట వినండి.

"అవును సార్. నాకు తెలీదు."

అనేసి నవ్వింది కూడా. ఎంత మర్యాదగా నవ్విందంటే, హాల్లో వాళ్ళందరికీ ప్రాణం తెరిపిన పడింది. పాపం అన్నారు ఒకరిద్దరు. బొమ్మ మాత్రం బాగా గీసిందండీ అన్నారు ఇంకొకరు. గంగాధర్ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

ప్రొఫెసర్ మళ్ళీ చార్టు వైపు తిరిగినాడు. "బొమ్మ సంగతి వదిలేయప్పా. ఇదిగో, ఈ చోటు చెప్పు" అని మధ్యలో ఒక పచ్చ పట్టీ మీద వేలు పెట్టినాడు. "పట్టిక లెక్క ప్రకారం ఇది హెలిక్స్ కూడా కావచ్చు, షీట్ కూడా కావచ్చు. నిజానికి లెక్క హెలిక్సు వైపే మొగ్గుతుంది. నేను చేసి చూసినా. నువ్వు షీట్ అని పెట్టినావు. నాకెందుకో నువ్వే కరెక్టు అనిపిస్తాంది. ఎందుకు పెట్టినావు?"

గంగాధర్ చార్టును చూసినాడు. పైకప్పును చూసినాడు. "అదీ... రూల్స్ ప్రకారమే సార్" అన్నాడు.

"రూల్స్ ప్రకారం కాదనే కదయ్యా నేనంటాండేది!"

చౌడేశ్వరికి తెలుసు. అక్కడే, ఓళిగల గిన్నె పక్కన నిలబడి, నాలుక చివరన పెట్టుకొని ఉంది. ఆ భాగంలో నీళ్ళంటే గిట్టని అక్షరం ఒకటి, నీళ్ళంటే ఇష్టమైన అక్షరం ఒకటి, మళ్ళీ గిట్టనిది, మళ్ళీ ఇష్టమైనది, ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి. మెలి తిరిగే భాగమైతే అట్లా రావు, మూడు నాలుగు పూసలకోసారి వస్తాయి. ఒకటి విడిచి ఒకటి వచ్చిందంటే ఆ గొలుసు పరుచుకొని, ఒక ముఖం లోపలికీ ఒక ముఖం బయటికీ పెట్టి ఉంటుంది. పట్టికకు ఇది కనబడదు, పట్టిక ఒక్కో అక్షరాన్నే చూస్తుంది, వరసను చూడదు. పోగు లేపి పోగు దించే ఇంట్లో పుట్టినదానికి ఒక రోజు రైల్లో, మాలుగూరు దాటినాక, అది టక్కున కనబడింది. ఆరోజు ఆమె పక్కసీటు పెద్దమ్మ ఎందుకు నవ్వుతాండావు పాపా అని అడిగింది కూడా. కానీ ఇప్పుడు ఎట్లా చెప్పేది? నాకు తెలీదు అని ఇప్పుడే కదా నవ్వుతా చెప్పింది.

"ఆలోచించు" అన్నాడు ప్రొఫెసర్. "ఈ రాత్రికి ఈడే గెస్ట్‌హౌస్‌లో ఉంటా, రేపు పొద్దున పాసింజర్‌కు ధర్మవరం పోయి ఆడ ఇంకో ఊరి సెమినారుకు బండి మారాల. స్టేషన్‌కు వచ్చి చెప్పు. ఇది చెప్పగలిగితే థీసిస్ నీదే అని నమ్ముతా."

అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఆమె వడ్డించింది. ఓళిగలు మెత్తగా వచ్చినాయని మెచ్చుకున్నారు. ప్రొఫెసర్ ఇంకొకటి అడిగి వేయించుకున్నాడు.

ఇంటికొచ్చినాక జయమ్మ ఊరుకోలేదు. కొడుకు ముఖం చూసి సంగతి రాబట్టింది. "పదిమందిలో మొగుణ్ణి తలొంచుకునేట్టు చేస్తివి కదమ్మా! రాని పని ఎందుకు నెత్తికెత్తుకునేది?" అనింది. చౌడేశ్వరి పెరట్లో కూర్చొని సెమినారు బోకులు తోముతా ఉంది. గంగాధర్ వచ్చి తలుపు దగ్గర నిలబడినాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది.

"పోనీలే, అయ్యిందేదో అయ్యింది. ఆ షీటు ఎందుకు పెట్టినావో చెప్పు, రాసుకుంటా."

"రేపు చెప్తాలెండి. చేతులు చూడండి ఎట్లుండాయో."

"సరే, రేపు మర్చిపోవద్దు. ఇంకొక మాట. నువ్వెట్లాగూ ఆ బండికే పోతావు కదా, సార్‌కు ఒక సారీ చెప్పు. నీ బొమ్మ వల్ల కదా ఇదంతా. నువ్వు చెప్తే ఆయన మనసు కరుగుతుంది."

ఆయన లోపలికి పోయినాడు. ఆమె మసిబొగ్గు అంటిన చేతుల్ని అట్లాగే పెట్టుకొని కూర్చుంది. ఏడుపు వస్తుందేమో అని చూసింది, రాలేదు. సిగ్గు మటుకు పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగుతూనే ఉంది. ఆయన అన్నమాటకా ఈ సిగ్గు? ఆమెకు సబ్జెక్టు ఏం తెలుసు అన్నందుకా? కాదే! ఆ మాట విన్నప్పుడు మండింది, నిజమే, కానీ మంట వేరు, సిగ్గు వేరు. మెలికలు తప్పు గీసినందుకా? దానికి సిగ్గే, కానీ నాయన కూడా ఒకసారి నెమలి ముక్కును వెనక్కి తిప్పి ఆ చీరంతా పాడు చేసినాడు. వీధంతా నవ్వితే, నేనే చేసినానప్పా, ఏం చేసేది, అని తనూ నవ్వినాడు. మరి తను? తెలీదు అనింది. ఆయన తోస్తే పడలేదు, తనే పోయి ఆ గోతిలో దాక్కుంది. ఎందుకంటే తెలియని ఆడదాన్ని ఎవరూ తప్పు పట్టరు. పాపం అంటారు, బొమ్మ బాగుంది అంటారు, ఇంకో ఓళిగ వేయించుకుంటారు. తెలిసి కూడా తప్పు చేసిందంటేనే కదా నవ్వేది! ఆ నవ్వు తన మీద పడకుండా, ఎమ్మెస్సీ చదువునూ, రైల్లో గడిపిన పొద్దులనూ, మాలుగూరు దాటినాక కలిగిన ఆ సంతోషాన్నీ, అన్నిటినీ ఒక్క మాటతో చెత్తబుట్టలో వేసేసింది. పెనుకొండలో పిల్లలకు రేపు ఏ ముఖం పెట్టుకొని పాఠం చెప్పేది? ఛీ అనుకుంది. తనను తాను అట్లా ఛీ అనుకోవడం ఆమెకు అదే మొదలు.

ఇప్పుడా షీటు సంగతి కూడా ఆయనకు చెప్పేస్తే ఇంక అయిపోయినట్టే. ఒప్పులన్నీ ఆయనవి, తప్పు ఒక్కటే తనది. జీవితాంతం ఆ ఎడమ మెలికలు మాత్రమే ఆమె పేరున నిలిచిపోతాయి. చెప్పకపోతే? ఆయనకు పీహెచ్‌డీ రాదు, ఇంట్లో రోజూ యుద్ధమే, దాంతో ఆమెకు వచ్చేది కూడా ఏం లేదు. బోకులన్నీ కడిగి బోర్లించి లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది.

పొద్దున ప్లాట్‌ఫారం మీద గంగాధర్ ప్రొఫెసర్ బ్యాగు మోస్తా ముందు నడుస్తున్నాడు. చౌడేశ్వరి టిఫిన్ క్యారియరు, పాఠం పుస్తకాలు పట్టుకొని వెనక. బండి అప్పుడే వచ్చి నిలబడింది. ప్రొఫెసర్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. గంగాధర్ బ్యాగు పైన పెట్టి దిగి, ఆమె చెయ్యి పట్టుకొని పక్కకు లాగినాడు.

"ఇప్పుడన్నా చెప్పవే. రాత్రంతా నిద్ర లేదు నాకు."

"సార్ ముందరే చెప్తాలెండి" అనింది ఆమె.

"నువ్వా? నువ్వు చెప్పేదేముంది, నాకు చెప్పు, నేను..."

అంతలోకే కిటికీలోంచి ప్రొఫెసర్ పిలిచినాడు. "ఏమప్పా గంగాధర్, దొరికిందా జవాబు?"

గంగాధర్ నవ్వు ముఖం పెట్టి కిటికీ దగ్గరికి పోయినాడు. "వస్తాండాది సార్. అంతకు ముందు మా మిసెస్ మీకు సారీ చెప్పాలంటాంది. నిన్నటి నుంచి ఒకటే బాధపడుతోంది పాపం" అని ఆమె వైపు తిరిగి కళ్ళతో సైగ చేసినాడు, చెప్పు అన్నట్టు.

చౌడేశ్వరి బండి ఎక్కింది. రోజూ ఎక్కే ఆడవాళ్ళ పెట్టె కాదు, ఇదే. ప్రొఫెసర్ ఎదురుసీటు దాకా వచ్చి నిలబడింది. కిటికీ అవతల భర్త ముఖం, ఇవతల ప్రొఫెసర్ ముఖం. ఇంకా సిగ్గుగానే ఉంది, నిన్నటికంటే ఎక్కువగానే ఉంది. బండి ఒక ఊపు ఊగింది.

"సారీ సార్" అనింది. టిఫిన్ క్యారియరు సీటు కింద పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. "హెలిక్స్ కుడికి తిరుగుతుందని నాకు తెలుసు. బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ నేను, పెనుకొండలో అదే పాఠం చెప్తా. తెలిసి కూడా ఎడమకు గీసినా. నిన్న అంతమందిలో తెలీదని మీకు అబద్ధం చెప్పినా."

"ఏమే!" అన్నాడు గంగాధర్ బయట నుంచి. బండి కదిలింది. ఆయన కిటికీ చువ్వ పట్టుకొని రెండడుగులు నడిచినాడు.

ప్రొఫెసర్ మెడలో కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఆమె ముఖం చూసినాడు, ఆమె వేళ్ళ మీది ఎర్రరంగు చూసినాడు, బయట నడుస్తా వెనకబడిపోతున్న గంగాధర్‌ను చూసినాడు.

"అయితే ఆ తప్పు మీదేనంటారు" అన్నాడు మెల్లగా.

"నాదే సార్" అని చౌడేశ్వరి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఆ చార్టులో ఉండేదంతా నాదే."